పాత కీబోర్డ్ స్విచ్‌లకి ఏ లూబ్: ఆరు సీసాల పంచాయితీ

లూబ్, అంటే కీబోర్డ్ స్విచ్ లోపల పూసే నూనె లేదా గ్రీజు, కొనే ముందు ఒక పని చేయండి. కీక్యాప్ (అక్షరం ఉండే పై టోపీ) తీసేసి, స్టెమ్ మీద, అంటే దాని కింద పైకీ కిందికీ ఆడే ప్లాస్టిక్ ముక్క మీద, వేలు పెట్టి, ఎంత నెమ్మదిగా నొక్కగలిగితే అంత నెమ్మదిగా నొక్కండి. ఇసుక నలిగినట్టు అక్కడక్కడా గరగరమంటే అది దుమ్ము. పలక మీద బలపం గీసినట్టు పైనుంచి కింది దాకా ఒకే తీరున రాపిడి తగిలితే ప్లాస్టిక్‌కీ ప్లాస్టిక్‌కీ మధ్య ఒరిపిడి. దిగేటప్పుడు కిర్రుమని, వేలు తీశాక టింగుమని మోగితే అది స్ప్రింగ్. ఈ మూడు రోగాలకీ మందు ఒకటి కాదు. మొదటి దానికైతే అసలు లూబ్ మందే కాదు, సబ్బునీళ్లు.

ఆన్‌లైన్‌లో దొరికే లూబింగ్ వీడియోలు చాలామటుకు కొత్త స్విచ్‌ల మీద తీసినవి. ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చిన స్విచ్‌కి ఏం పూసినా పెద్దగా చెడేది ఉండదు. ముప్పై నలభై ఏళ్ల స్విచ్ సంగతి వేరు. దానిలో అప్పటికే దుమ్ము ఉంది, ఎవరో ఎప్పుడో కొట్టిన స్ప్రే జిడ్డు ఉండొచ్చు, వాడి వాడి అరిగి నునుపెక్కిన పట్టాలు ఉన్నాయి. ఆ నునుపుకే జనం డబ్బు పెడతారు. దాని మీద చిక్కటి గ్రీజు మెత్తితే కొన్న సరుకుని మనమే కప్పెట్టేసినట్టు. అందుకే ఇక్కడ మార్కులన్నీ ఒక్క ప్రశ్న మీదే: ఈ లూబ్ పాత స్విచ్‌కి తన పాత తీరు తిరిగి ఇస్తుందా, లేక కొత్త తీరు అంటగడుతుందా?

లెక్కలోకి తీసుకున్నవి పాత చెర్రీ ఎంఎక్స్ నలుపు, చెర్రీ నీలం, గోధుమ, ఆ తర్వాత ఆల్ప్స్ వాళ్ల ఎస్‌కేసీఎల్, ఎస్‌కేసీఎం రకాలు. చెర్రీ, ఆల్ప్స్ స్విచ్‌లు చేసిన కంపెనీలు; రంగు పేరు స్టెమ్ రంగుని బట్టి వచ్చింది. చెర్రీలో నలుపు ఎక్కడా అడ్డు తగలకుండా జారే లీనియర్, గోధుమ మధ్యలో చిన్న గట్టు తగిలే టాక్టైల్, నీలం క్లిక్‌మనేది. మన వైపు పాత మెకానికల్ కీబోర్డ్ అనగానే టీవీఎస్ గోల్డే గుర్తొస్తుంది. డీటీపీ సెంటర్లలో, బిల్లింగ్ కౌంటర్లలో టకటకలాడిన ఆ కీబోర్డ్‌లో ఉన్నవి చెర్రీ నీలం స్విచ్‌లే. కాబట్టి కింద నీలం గురించి రాసినది దానికీ వర్తిస్తుంది.

ముందు చిక్కదనం గురించి రెండు మాటలు, ఎందుకంటే మిగతా గొడవంతా దీని చుట్టూనే. క్రైటాక్స్ జీపీఎల్ 105 అనే నూనె చిక్కదనం 20 డిగ్రీల దగ్గర సుమారు 520 సెంటీస్టోక్స్. అదే 40 డిగ్రీల దగ్గర 160. అంటే మూడో వంతుకి పడిపోతుంది. జర్మనీలో చలికాలం గదిలో కూర్చుని ‘రెండు పూతలు వేయండి’ అని చెప్పే మనిషి చేతిలో ఉన్న లూబూ, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో విజయవాడలో మీ చేతిలో ఉన్న లూబూ పేరుకి ఒకటే. ప్రవర్తన ఒకటి కాదు. ఎండాకాలం మధ్యాహ్నం ఫ్యాన్ కింద పూస్తే పల్చగా, ముచ్చటగా జారుతుంది. ‘ఇంకొంచెం పడుతుందిలే’ అనిపించి ఎక్కువ పూస్తారు. అదే కీబోర్డ్ డిసెంబరు పొద్దున బద్ధకిస్తుంది. ఏసీ వేసుకుని, 25 డిగ్రీల దగ్గర పూయడం మేలు. ఏసీ లేకపోతే పొద్దున్నే పని పెట్టుకోండి.

ఇక సీసాల దగ్గరికి వద్దాం.

మొదటిది అందరి నోటా నానే క్రైటాక్స్ 205జి0. పెర్‌ఫ్లోరో పాలీఈథర్ నూనెలో పీటీఎఫ్ఈ పొడి, అంటే టెఫ్లాన్ జాతి పొడి, కలిపి చేసిన గ్రీజు. మొదట డ్యూపాంట్ తయారీ, 2015లో ఆ విభాగం వేరుపడ్డాక కెమూర్స్ తయారీ. చివర్లో ఉన్న ‘జి0’ చాలా ముఖ్యం. మామూలు జీపీఎల్ 205 అంటే గ్రేడ్ 2, బేరింగుల్లో పెట్టే ముద్ద గ్రీజు. అది స్విచ్‌కి పనికిరాదు. గ్రేడ్ 0 అంటే గిన్నెలో చిలికి వదిలేసిన వెన్నలా, కుంచె పెడితే సాగేంత మెత్తన. తెల్లగా ఉంటుంది, వాసన ఉండదు, ఎండిపోదు, పేరుకోదు, ప్లాస్టిక్‌ని ఏమీ చేయదు. రబ్బరునీ పాడు చేయదు. ఏళ్ల తరబడి ఉండిపోయే విషయంలో దీన్ని వేలెత్తి చూపలేం.

కొత్త లీనియర్ స్విచ్‌కి ఇదే రాజు. పాత నలుపుకి మాత్రం ఒక మెట్టు దిగాలి. చెర్రీ నలుపు స్ప్రింగ్ గట్టిది, 2 మిల్లీమీటర్ల దగ్గర కీ పలికేసరికి 60 సెంటీన్యూటన్ల బలం అడుగుతుంది. అందుకే 205జి0 కాస్త ఎక్కువైనా కీ తిరిగి లేస్తుంది, ఇరుక్కోదు. ఇరుక్కోదు కాబట్టి ఎక్కువైందని తెలియను కూడా తెలియదు. శబ్దం మాత్రం పట్టిస్తుంది. పాత నలుపుకి ఉండే పొడి ‘తొక్’ పోయి, తడి మట్టి మీద అడుగు వేసినట్టు ‘తప్’ అంటుంది. ఆ శబ్దం కావాలనుకునేవాళ్లు ఉన్నారు, వాళ్ల ఇష్టం. కానీ దానికోసం పాత స్విచ్‌లు వెతికి కొనాల్సిన పని లేదు, కొత్తవే చౌక.

205జి0తో ఉన్న అసలు బాధ నకిలీలు. కంపెనీ దాన్ని పరిశ్రమల కోసం పెద్ద ట్యూబుల్లో, డబ్బాల్లో అమ్ముతుంది. మనం కొనే చిన్న సీసాలన్నీ ఎవరో తిరగ నింపినవే. తిరగ నింపడం తప్పు కాదు, నింపింది ఏమిటన్నదే ప్రశ్న. దానికి ఇంట్లోనే రెండు పరీక్షలు ఉన్నాయి. ఈ జాతి లూబ్ నీటి కంటే దాదాపు రెండింతలు బరువు, మిల్లీలీటర్‌కి సుమారు 1.9 గ్రాములు. గ్లాసు నీళ్లలో గుండుసూది తలంత ముద్ద వేసి, పైన తేలుతుంటే అగ్గిపుల్లతో లోపలికి నొక్కండి. నిజమైనది రాయిలా అడుక్కి పోతుంది. పెట్రోలియం గ్రీజైతే ఎన్నిసార్లు ముంచినా పైకి వస్తుంది. సిలికోన్ గ్రీజు కూడా ఇంత బింకంగా మునగదు. రెండోది, చిటికెడు తీసి పెట్రోలు చుక్కలో కలిపి చూడండి. నిజమైనది కరగదు, విడిగా తెల్లటి ముద్దలా ఉండిపోతుంది. బరువు సంగతి తెలిస్తే ఇంకో మోసం కూడా పట్టుబడుతుంది: ఒకరు 5 గ్రాములని, ఇంకొకరు 5 మిల్లీలీటర్లని అమ్ముతారు. 5 గ్రాములంటే రెండున్నర మిల్లీలీటర్ల కంటే కొంచెం ఎక్కువ. ధర పోల్చేటప్పుడు ఇది చూసుకోకపోతే సగం సరుకుకి పూర్తి డబ్బు ఇచ్చినట్టే.

రెండో సీసా ట్రైబోసిస్ 3204. జాతి అదే, పెర్‌ఫ్లోరో నూనె, పీటీఎఫ్ఈ పొడి. చిక్కదనం మాత్రం నూనెకీ గ్రీజుకీ మధ్య. 205జి0ని కుంచెతో లాగాలి, ఇది తనంతట తాను పరుచుకుంటుంది. ఇడ్లీ పిండికీ దోసె పిండికీ ఉన్నంత తేడా. దీనికన్నా పల్చటిది 3203 కూడా ఉంది. అది గోధుమ లాంటి టాక్టైల్ స్విచ్‌లకి నచ్చుతుంది గానీ, నిలువుగా ఉండే గోడల మీద అంతసేపు నిలవదు.

పాత నలుపుకి ఈ 3204 దే గెలుపు, సందేహం లేదు. ఒక్క పల్చటి పూతకి ఒరిపిడి పోతుంది, శబ్దం ముప్పాతిక వంతు పాతదిలాగే ఉంటుంది. చేయి కాస్త పెద్దదైనా క్షమించే గుణం ఉంది. లోపం లేకపోలేదు. అన్ని కీలకీ ఒకే మోతాదు పడాలంటే 205జి0 కంటే ఇది కష్టం. కుంచె మీద ఎంత ఉందో కంటికి ఆనదు, చివరి వరుసకి వచ్చేసరికి చేతివాటం మారిపోయి ఉంటుంది. ఇరవై స్విచ్‌లకోసారి మొదట పూసిన స్విచ్‌ని నొక్కి పోల్చుకుంటే ఈ ఇబ్బంది తప్పుతుంది.

మూడోది పైన చెప్పిన జీపీఎల్ 105, పొడి లేని ఉత్త నూనె. ఆముదం కన్నా కాస్త పల్చన. దీని పని స్ప్రింగులు. నూట నాలుగు స్ప్రింగులకి పది పన్నెండు చుక్కల లెక్కన, ఒక్కో వరుస స్ప్రింగుల్ని జిప్ సంచిలో వేసి, నూనె వేసి, గాలి ఊది మూతి బిగించి, రెండు నిమిషాలు గలగల ఆడించండి. తీసి టిష్యూ కాగితం మీద పది నిమిషాలు ఆరబోస్తే ఎక్కువైనది దిగిపోతుంది. స్ప్రింగుల్ని గట్టిగా కుదిపితే ఒకదానిలో ఒకటి చిక్కుకుని జడలు కడతాయి. లాగి విడదీస్తే వంకరపోతాయి, తిప్పుతూ విడదీయాలి. టింగుమనే మోతకి నూనె సగమే మందు. స్ప్రింగ్ రెండు కొనలకీ కుంచెతో 205జి0 చిన్న చుక్క అద్దితేనే మోత పూర్తిగా చస్తుంది. కిర్రు పుట్టేది కొన, ప్లాస్టిక్ ఒరుసుకునే చోట.

105 కి ఇంకో ఉపయోగం ఉంది, ఇది చాలామంది వాడుకోరు. 205జి0 లో ఉన్న నూనె 105 జాతిదే. కాబట్టి 205జి0 చిక్కగా అనిపిస్తే చిన్న మూతలో మూడు పాళ్లు గ్రీజు, ఒక పాలు 105 కలిపి పుల్లతో తిప్పితే పల్చబడుతుంది, విరగదు. సగం సగం కలిపితే 3204 కి దగ్గరగా వస్తుంది. 3204 దొరకని చోట ఇదే మార్గం. సిలికోన్ గ్రీజునో మరో నూనెనో ఇందులో కలపబోతే మాత్రం నీళ్లూ నూనే లాగే, కలవవు.

చెర్రీ స్విచ్‌కి పూసే తీరు. ముందు స్విచ్‌ని విప్పాలంటే టంకం తీయాలా వద్దా అన్నది చూడండి. కీక్యాప్ తీసి స్విచ్‌ల సందులోకి టార్చి వేయండి. కింద లోహపు పలక కాకుండా నేరుగా పీసీబీ (సర్క్యూట్ బోర్డు) కనిపిస్తే అదృష్టం. చెర్రీ జి80-3000 లాంటి వాటిలో ఇలాగే ఉంటుంది. అప్పుడు టంకం జోలికి పోకుండా, ఉన్న చోటే స్విచ్ ఓపెనర్‌తో నాలుగు కొక్కేలూ వదులు చేసి పై పెంకు తీయొచ్చు. లోహపు పలక ఉంటే పెంకు తెరుచుకోదు, పలక అంచులు కొక్కేల్ని నొక్కి పట్టేస్తాయి. టంకం తీయాల్సిందే. పాత బోర్డు మీద రాగి పొర సులువుగా లేచిపోతుంది. ఎండిపోయిన పాత టంకానికి ముందు కాస్త కొత్త టంకం తగిలించి, అది కరిగాక పంపుతో లాగాలి. ఊరికే కాలుస్తూ కూర్చుంటే లేచేది రాగే.

పెంకు తీశాక స్టెమ్, స్ప్రింగ్ బయటికి వస్తాయి. ఇప్పుడు ఎక్కడ పూయాలో తెలియడం ఎంత ముఖ్యమో, ఎక్కడ పూయకూడదో తెలియడం అంతకు రెండింతలు ముఖ్యం. కింది పెంకులో రెండు వైపులా స్టెమ్ జారే పట్టాలు ఉంటాయి. వాటికి ఒక్కో గీత. స్టెమ్ పక్కలకి ఒక్కో గీత. మధ్య గొట్టంలోకి స్టెమ్ కింది కడ్డీ దిగుతుంది, ఆ కడ్డీ చుట్టూ కుంచె ఒక్కసారి తిప్పితే చాలు. ఇక ఒక పక్కన రాగి లీఫ్, అంటే పల్చటి రేకు, ఉంటుంది, దాని మీద బంగారు పూత ఉన్న చిన్న కాంటాక్ట్. అటు కుంచె పోకూడదు. స్టెమ్‌కి ఉన్న రెండు కాళ్లు ఆ లీఫ్‌ని నెట్టి పట్టుకునేవి. నలుపు స్టెమ్‌కైతే ఆ కాళ్ల మీద తడి ఆనవాలంత పూయొచ్చు. గోధుమ స్టెమ్‌కి అస్సలు వద్దు. గోధుమలో వేలికి తగిలే చిన్న గట్టు ఆ కాళ్ల మీదే ఉంది. అక్కడ లూబ్ పడితే ఉన్న కొద్ది గట్టూ జారిపోయి, బలహీనమైన నలుపులా మిగులుతుంది.

కుంచె 0 లేదా 00 సైజు. లూబ్‌లో కొన మాత్రమే ముంచి, మూత అంచుకి రెండు వైపులా తుడవండి. వెంట్రుకల మీద తెల్లదనం కనిపించకూడదు, మెరుపు మాత్రం ఉండాలి. పూసిన స్టెమ్‌ని బల్ల దీపం కింద అడ్డంగా పట్టుకుని చూడండి. తడి అరిటాకులా నిగనిగలాడితే సరిపోయినట్టు. ఎక్కడైనా మీగడలా తెల్లగా కనిపిస్తే ఎక్కువైనట్టు. ఎక్కువైనదాన్ని ఇంకో పొడి కుంచెతో తీసేయాలి, ‘వాడుతుంటే సర్దుకుంటుందిలే’ అని మూసేయకూడదు. అది సర్దుకోదు. స్టెమ్ ప్రతిసారీ దాన్ని కిందికి తోసి, మూలకి చేర్చి, అక్కడ్నించి లీఫ్ మీదికి పంపుతుంది.

మూసే ముందు మల్టీమీటర్ ఉంటే ఒక చిట్కా. చెర్రీ స్విచ్‌లో స్టెమ్ తీసేసినప్పుడు కాంటాక్ట్ కలిసే ఉంటుంది, ఎందుకంటే దాన్ని విడదీసి పట్టుకునేది స్టెమ్ కాళ్లే. రెండు పిన్నుల మీద మీటర్ పెడితే బీప్ రావాలి. రాకపోతే లీఫ్ మీదకి ఏదో చేరింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి కడిగేద్దామంటే కుదరదు, ఈ జాతి లూబ్ అందులో కరగదు. పల్చటి తెల్ల కాగితం సన్నగా కత్తిరించి, కాంటాక్ట్ మధ్య దూర్చి మెల్లిగా లాగండి. రెండు మూడు కాగితాలు మారిస్తే తుడుచుకుపోతుంది. గరుకు కాగితం పెడితే బంగారు పూత పోతుంది, తర్వాత ఆ కీ ఒక్కసారి నొక్కితే రెండు అక్షరాలు కొడుతుంది.

నీలం స్విచ్‌కి, అంటే టీవీఎస్ గోల్డ్ వాళ్లకి: స్ప్రింగ్‌కి నూనె, కింది పట్టాలకి ఒక్క గీత, అక్కడితో ఆపేయండి. నీలం స్టెమ్ రెండు ముక్కలు. నీలి ముక్క కింద తెల్లటి తొడుగు వదులుగా ఊగుతూ ఉంటుంది. ఆ తొడుగు టక్కున కిందికి దూకడమే క్లిక్. రెంటి మధ్యా లూబ్ చేరిందంటే దూకడం మానేసి జారుతుంది, క్లిక్ గొంతు మూగబోతుంది. కొన్ని కీలు క్లిక్ అని, కొన్ని అనకపోవడం కంటే చిరాకు ఇంకోటి ఉండదు. చాలాసార్లు టీవీఎస్ గోల్డ్‌లో కీ బిరుసెక్కడానికి కారణం లూబ్ లేకపోవడం కాదు, టీ. చక్కెర పాకం గట్టిపడి స్టెమ్‌ని పట్టేస్తుంది. దానికి గోరువెచ్చని నీళ్లే మందు, క్రైటాక్స్ కాదు.

ఇప్పుడు ఆల్ప్స్. ఇక్కడ పైన చెప్పిన మూడు సీసాలూ పక్కన పెట్టేయాలి.

ఆల్ప్స్ స్విచ్‌లు ఫ్యాక్టరీలో పొడి లూబ్‌తో బయటికి వచ్చాయి. స్లైడర్, అంటే ఆల్ప్స్‌లో స్టెమ్, వెడల్పాటి పలక లాంటిది, చెర్రీ స్టెమ్ కన్నా ఎక్కువ మేర పెంకుని ఒరుసుకుంటూ జారుతుంది. పై పెంకు సందు కూడా దుమ్ముకి తలుపు తీసినట్టే ఉంటుంది. తడి లూబ్ పెడితే మొదటి వారం స్వర్గం. నిజంగానే, పాత ఆల్ప్స్ అంత నున్నగా ఎప్పుడూ ఉండి ఉండదు. తర్వాత పైనుంచి రాలిన ప్రతి దుమ్ము కణం ఆ తడికి అంటుకుంటుంది. ఆర్నెల్లు తిరక్కుండా అది సానరాయి పిండిలా తయారై స్లైడర్‌నే అరగదీస్తుంది. అరిగిన స్లైడర్‌కి ఏ లూబూ ప్రాణం పోయదు. ఆల్ప్స్ విషయంలో తడి లూబ్ గురించి వచ్చే మెచ్చుకోళ్లలో చాలావాటి తేదీ చూడండి, పూసిన రోజునే రాసి ఉంటారు.

కాబట్టి ఆల్ప్స్‌కి నాలుగో సీసా, డ్రై పీటీఎఫ్ఈ. త్వరగా ఆరిపోయే ద్రావకంలో పీటీఎఫ్ఈ పొడి కలిపి ఉంటుంది. ద్రావకం ఎగిరిపోయాక సన్నటి తెల్లపొడి పొర మిగులుతుంది. అది తడి కాదు, దుమ్ము అంటుకోదు. దీనికి సగం పేరు చెడ్డగా రావడానికి కారణం జనం దాన్ని స్విచ్ మూసి ఉండగానే పైనుంచి స్ప్రే కొట్టడం. ద్రావకం లోపలి మురికిని కరిగించి కాంటాక్ట్ దాకా మోసుకెళుతుంది. రెండు రోజులు బాగుండి, మూడో రోజు కీ పలకడం మానేస్తుంది. పైగా ద్రావకాన్ని బట్టి ఏబీఎస్ ప్లాస్టిక్ కీక్యాప్ మీద మరక పడొచ్చు. స్పేస్‌బార్ లోపలి వైపు ఒక చుక్క వేసి పావుగంట ఆగి చూడందే ముందుకి పోకండి.

సరైన పద్ధతి నింపాదిగా చేయాల్సిన పని. ఆల్ప్స్ లోహపు పలక మీద ఉన్నా పై పెంకు తీయొచ్చు, అదే దాని గొప్ప. ఇరుపక్కలా ఉన్న చీలికల్లోకి ఓపెనర్ కొనలు, లేదా కొన వంచిన రెండు జెమ్ క్లిప్పులు దూర్చి నిటారుగా పైకి లాగండి. ఒక పక్క ముందు ఎత్తితే రెండో పక్క చెవి విరుగుతుంది. ముప్పై ఏళ్ల ప్లాస్టిక్, మొహమాటం ఉండదు. పెంకు, స్లైడర్, స్ప్రింగ్, క్లిక్ లేదా టాక్టైల్ లీఫ్ బయటికి వస్తాయి. కాంటాక్ట్ ఉన్న స్విచ్‌ప్లేట్‌ని విప్పకండి, తడపకండి. లీఫ్ ఏ వైపు వంగి ఉందో ఫోటో తీసుకోండి. తిరగేసి పెడితే క్లిక్ పోతుంది, లీఫూ నలుగుతుంది.

పెంకులు, స్లైడర్లు అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో, గోరువెచ్చని నీళ్లు, అంట్లు తోమే లిక్విడ్ ఒక్క చుక్క, ఐదు నిమిషాల చొప్పున రెండు విడతలు. క్లీనర్ లేకపోతే డబ్బాలో వేసి నానబెట్టి, మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్దినా అవుతుంది, ఓపిక కావాలి. ఆపిల్ ఎక్స్‌టెండెడ్ కీబోర్డ్ 2 లో ఉండే క్రీమ్ రంగు డ్యాంప్డ్ (శబ్దం తగ్గించిన) స్లైడర్లకి చిన్న రబ్బరు ముక్కలు ఉంటాయి, అవి జారిపోకుండా చూసుకోండి. ఆఖరి కడుగు బోరు నీళ్లతో వద్దు. ఆరాక ఆ ఉప్పు తెల్లగా పట్టాల మీదే కూర్చుంటుంది, నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టే పొర లాగే. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ లీటరు తెచ్చుకుంటే కీబోర్డ్ మొత్తానికి సరిపోతుంది. రాత్రంతా నీడలో ఆరనివ్వండి.

ఆరిన స్లైడర్‌ని వెలుతురులో తిప్పి చూడండి. పక్కల మీద అద్దంలా మెరిసే నిలువు గీతలు ఉంటే అది అరుగుదల, దానిని ఎక్కువగా వాడని కీలలోకి, ఎఫ్12 పక్కనో నంబర్ ప్యాడ్‌లోనో, మార్చేయండి. ఆ కీల నుంచి తీసిన తాజా స్లైడర్‌ని అక్షరాల కీకి వేయండి. పైసా ఖర్చులేని ఈ మార్పిడి ఏ సీసా కన్నా ఎక్కువ తేడా తెస్తుంది. మెరుపు లేని వాటికి డ్రై పీటీఎఫ్ఈని కుంచెతో పక్కలకి పూసి, గంటసేపు ఆరబెట్టి, తేలిపోయిన పొడిని పొడి కుంచెతో దులిపి బిగించండి. క్లిక్ లీఫ్‌కి ఏమీ వద్దు. నలుపు, నారింజ లాంటి టాక్టైల్ ఆల్ప్స్ లీఫ్ కిర్రుమంటుంటే, స్లైడర్ తగిలే ఆ ఒక్క చోట మాత్రం 205జి0 సూదిమొనంత. ఆల్ప్స్‌లో తడి లూబ్‌కి ఇంతకు మించి చోటు లేదు.

ఐదోది డైఎలక్ట్రిక్ గ్రీజు, అంటే సిలికోన్ గ్రీజు. ఆటోమొబైల్ స్పేర్ పార్ట్స్ షాపుల్లో దొరుకుతుంది. ఆరోది సూపర్ లూబ్ 21030, పీటీఎఫ్ఈ కలిపిన సింథటిక్ గ్రీజు, 85 గ్రాముల ట్యూబ్. ఈ రెండూ స్విచ్ లోపలికి కాదు. మరీ జిగట, స్ప్రింగ్ వాటిని గెలవలేదు. వాటి చోటు స్పేస్‌బార్, ఎంటర్, షిఫ్ట్ కింద ఉండే స్టెబిలైజర్ తీగ. తీగ వంగి ప్లాస్టిక్‌లో దూరే కొనలకి బియ్యపుగింజంత పెడితే గలగల ఆగిపోతుంది. క్రైటాక్స్ అక్కడ పెట్టినా మొదట బాగానే ఉంటుంది, కొన్నాళ్లకి తీగ దాన్ని పక్కకి తోసేస్తుంది. సిలికోన్ జిగట కాబట్టి కదలదు. రెండింటిలో సిలికోన్‌దే పైచేయి, శబ్దాన్ని ఎక్కువ మింగుతుంది. సూపర్ లూబ్ ట్యూబ్ మాత్రం ఇంట్లో ఎలాగూ పనికొస్తుంది, తలుపు బందులకి. సిలికోన్ రబ్బరు ముక్కలున్న చోట సిలికోన్ గ్రీజు పెట్టకండి, ఉబ్బుతాయి.

ఇంట్లో ఉన్నదే వాడేద్దాం అనుకునేవాళ్ల కోసం: కుట్టు మిషన్ నూనె నీళ్లంత పల్చన, రెండో రోజుకే లీఫ్ దగ్గరికి చేరుతుంది. కొబ్బరి నూనె చలికి గడ్డకడుతుంది, ఎండకి కారుతుంది, కొన్ని నెలలకి మక్కిన వాసన కొడుతుంది. వ్యాజిలిన్ ఎండాకాలంలో మెత్తబడి జారుతుంది. డబ్ల్యూడీ-40 తేమని తరిమి తుప్పు పట్టకుండా చూడడానికి పుట్టింది, ద్రావకం ఆరాక మిగిలే పొర దుమ్ముకి పిలుపు. తాళంకప్పలకి వేసే గ్రాఫైట్ పొడి వీటన్నిటి కన్నా ప్రమాదం, అది కరెంటుని ప్రవహింపజేస్తుంది. స్విచ్‌లో అది రాలితే నొక్కకుండానే అక్షరాలు పడతాయి, బోర్డు మొత్తం విప్పి కడిగినా పూర్తిగా వదలదు.

ఐబీఎం మోడల్ ఎం కీబోర్డ్ ఉన్నవాళ్లు ఈ గోలలోకి రానక్కర్లేదు. బక్లింగ్ స్ప్రింగ్ ఒక్కసారిగా వంగి గొట్టం గోడకి కొట్టుకోవడమే దాని పాట. గ్రీజు పెడితే మోత తగ్గుతుంది, దానితో పాటు మోడల్ ఎం కూడా తగ్గుతుంది.

ఎంత కొనాలి? నలుపు స్విచ్‌ల ఫుల్ సైజ్ కీబోర్డ్‌కి 3204 గానీ 205జి0 గానీ 5 గ్రాములు, కుంచెకి అంటుకుని వృథా అయ్యేది కలిపి కూడా, మిగిలేంత. 105 నూనె 2 మిల్లీలీటర్ల సీసా రెండు మూడు కీబోర్డ్‌లకి వస్తుంది. స్విచ్‌కి నిమిషంన్నర, రెండు నిమిషాలు పడుతుంది, కాబట్టి 104 కీలకి రెండున్నర నుంచి మూడున్నర గంటలు. అన్నీ ఒకేసారి విప్పేయకుండా వరుసకో వరుస చేయండి. సగంలో కరెంటు పోయినా, చేయి నొప్పెట్టినా, ఏ స్ప్రింగ్ ఏ వరుసదో తెలుస్తుంది.

చివరిగా ఒక హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. క్రైటాక్స్, ట్రైబోసిస్ జాతి లూబ్ చల్లగా ఉన్నంతసేపు సాధువు. మూడు వందల డిగ్రీల పైన వేడి తగిలితే విరిగి విషవాయువులు వదులుతుంది. సోల్డరింగ్ ఐరన్ కొన 350 దగ్గర ఉంటుంది. లూబ్ అంటిన వేళ్లతో ఐరన్ కొన తుడవడం, లూబ్ పూసిన స్విచ్ పెంకుకి కొన తగిలించడం చేయకండి. సిగరెట్టో బీడీయో తాగే అలవాటుంటే పని మధ్యలో అస్సలు వద్దు. వేలి మీది పూత సిగరెట్టుకి అంటి, నిప్పు దగ్గర కాలి, నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కొన్ని గంటల్లో చలిజ్వరం, ఒళ్లునొప్పులు పట్టుకుంటాయి. చేతులు సబ్బుతో రెండుసార్లు కడగండి. లూబ్ నీళ్లలో కరగదు కాబట్టి మొదటి కడుగుకి పోయినట్టే అనిపించి, వేళ్లు తుడిచిన తువ్వాలు మీద తేలుతుంది.